చాలీస్ ఖలాస్

బావా, సలాం.

నువ్వు సెలవు మీద ఇంటికి వెళ్ళి ఈ చలికాలానికి రెండేళ్ళు. ఎలా ఉన్నావని మాత్రం అడగను. అడిగితే నువ్వేమంటావో తెలుసు. "ఒరే ఖాదరా, పోయినోణ్ణి పట్టుకుని ఎట్టుండావని అడిగే తెలివి నీ ఒక్కడికే ఉందిరా" అంటావు.

ఇక్కడ అందరం క్షేమం. ఊళ్ళో అక్క కూడా బాగానే ఉంది. నీ కుట్టుమిషన్ పనిముట్ల పెట్టె ఎవరడిగినా ఇవ్వడం లేదు. ఇక్కడ అల్ ఖూజ్‌లో మన గదిలో నీ మంచం మీద ఇప్పుడు నిజామాబాద్ వైపు మనిషి ఒకతను ఉంటున్నాడు. మంచివాడు, గురక పెట్టడు. నీ గురకను అన్నేళ్ళు తిట్టుకున్నానా... అది లేని గదిలో నాకు నిద్ర పట్టడానికి ఎంత కాలం పట్టిందో నీకేం తెలుసు?

సరే, అసలు సంగతికి వస్తాను. లేకపోతే ముందు నలభై సంగతి చెప్పమని నువ్వే తొందర పెడతావు.

నలభై పోయింది బావా. మన షూటింగ్ క్లబ్బులో ఇప్పుడు ఒక్క నలభై కార్బైన్ కూడా లేదు. నీ ఆకుపచ్చ అల్మారాలో కూడా తొమ్మిదులే పెట్టుకున్నాం. కోపం తెచ్చుకోకు. ఆ చివరిది ఎలా పోయిందో వింటే నువ్వు నవ్వుతావు. నవ్వాక ఏం చేస్తావో మరి... నేనైతే రెండూ చేశాను.

గుర్తుందా, నన్ను తీసుకొచ్చి ఈ ఎడారి క్లబ్బులో పనికి పెట్టిన కొత్తలో నాకు తుపాకీ అంటే తుపాకీ, అంతే. నువ్వు బల్ల మీద ఒకటి విప్పి చూపించావు. "కార్బైన్ అంటే పొట్టి రైఫిలు రా. ఆకారం రైఫిలుది, తిండి మాత్రం పిస్తోలుది. తొమ్మిది తినేవి కొన్ని, నలభై తినేవి కొన్ని. ఒకదాని కూడు ఇంకోదానికి పెట్టినావో, మనిద్దరికీ కూడుండదు" అన్నావు.

నలభై అంటే నలభై మిల్లీమీటర్లనుకుని నేను హడలిపోయాను. అది ఫిరంగి కాదా అని అడిగితే కడుపు పట్టుకుని నవ్వావు. తొమ్మిదేమో మిల్లీమీటర్ల లెక్కట, నలభై అంగుళంలో నూరో వంతుల లెక్కట. పక్కపక్కన పెట్టి చూస్తే రెంటికీ తేడా మన చిటికెన వేలికీ ఉంగరపు వేలికీ ఉన్నంతే. ఈ దొరల లెక్కలు ఎవడు పెట్టాడో గానీ, ఆ రోజు క్లబ్బంతా నన్ను ఫిరంగీ అని పిలిచింది.

పని పంచినప్పుడు నలభైలు నీకు, తొమ్మిదులు నాకు వచ్చాయి. తుడవడం, నూనె పెట్టడం, సభ్యులు వచ్చినప్పుడు ఎవరి కార్బైన్ వాళ్ళకు తీసి బల్ల మీద పెట్టడం. అలా హిందీ లెక్కలో నలభై నువ్వు 'చాలీస్' అయ్యావు, తొమ్మిది నేను 'నౌ' అయ్యాను. మస్తాన్ అనీ ఖాదర్ అనీ మనకు వేరే పేర్లున్నాయని జీతం ఇచ్చేవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. ఇద్దరం కలిసి నడిచొస్తుంటే 'ఉన్‌చాస్ వస్తోంది' అనేవాళ్ళు, నలభై తొమ్మిది అని.

పేలిన తూటాల ఖాళీ గుల్లలు ఏరేటప్పుడు నువ్వు చేసే వేళాకోళం మరిచిపోలేదు. నలభై గుల్లలోకి తొమ్మిది గుల్ల దూరి ఇరుక్కుపోతుంది కదా, గోటితో లాగినా రాదు. దొరికిన ప్రతిసారీ ఎత్తి నాకు చూపించేవాడివి. "చూడరా, బామ్మర్ది బావ ఇంట్లో దూరినాడు. ఇంక పోడు."

కరోనాకు మూసిన క్లబ్బు మళ్ళీ తెరిచాక నలభైకి చెడ్డ రోజులు మొదలైనది నీ కళ్ళ ముందే. తూటాల పెట్టెలు వచ్చేవి, విప్పితే అన్నీ తొమ్మిదులే. నలభై ఎప్పుడొస్తుందని అడిగితే స్టోర్లో ఒకటే మాట, ఇన్షా అల్లా. పోటీల్లో కార్బైన్‌కు ఏ తూటా వాడినా మార్కులు అవేనని, అలాంటప్పుడు ఎక్కువ ధర పెట్టి భుజం వాయించుకోవడం ఎందుకని కోచ్ సభ్యులకు చెప్పేవాడు. ఒక్కొక్కరే మారిపోయారు. కొందరు గొట్టం మార్పించుకున్నారు, కొందరు తుపాకీనే మార్చుకున్నారు. కొత్తగా చేరిన కుర్రకారుకు నలభై పాత చింతకాయ పచ్చడి అయిపోయింది.

నీ అల్మారాలో గూళ్ళు ఖాళీ అవుతుంటే నేను ఊరుకోలేక నీకు కూడా తొమ్మిది పని నేర్పుతానన్నాను. "పోరా, తొమ్మిది నేర్చుకునేదేందిరా, అది నలభైలో దూరే గుల్లే కదా" అన్నావు. అని, ఖాళీ గూళ్ళను కూడా రోజూ తుడిచేవాడివి. ఎందుకు తుడిచేవాడివి బావా? ఎవరొస్తారని?

చివరికి మిగిలింది బాబా ఒక్కడే.

ఆ ముసలాయన గురించి నీకు నేను చెప్పేదేముంది? ఈ దేశం మనిషి, వయసులో ఉన్నప్పుడు బొంబాయితో వ్యాపారం చేసి హిందీ నేర్చినవాడు, నువ్వు కనబడకపోతే తుపాకీ ముట్టనివాడు. చెవులు సరిగ్గా వినపడవు. క్లబ్బు మొత్తంలో చెవులకు మూతలు అక్కరలేని సభ్యుడు ఆయనొక్కడేనని నువ్వు ఆటపట్టించేవాడివి. నువ్వు భోజనానికి వెళ్తే బల్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు, వచ్చేదాకా కదిలేవాడు కాదు.

అందరూ మారినా ఆయన మారలేదు. కోచ్ చెప్పి చెప్పి అలిసిపోయాడు. నువ్వు మాత్రం ఒకసారి నా చెవిలో వేశావు. "ముసలాయన భుజం చూసినావా? పేలిన ప్రతిసారీ మొహం ముడస్తా ఉండాడు. తొమ్మిదైతే హాయిగా ఉంటది. ఎట్ట చెప్పేదిరా? నలభై అంటే ఆయనకు ప్రాణం."

ఆయనకు చెప్పకుండానే నువ్వు సెలవు మీద వెళ్ళావు.

విమానాశ్రయంలో ట్రాలీ తోసుకుంటూ నువ్వు చెప్పిన ఆఖరి మాట అక్క గురించి కాదు, నా గురించీ కాదు. "బాబా తుపాకీకి నూనె ఎక్కువ పెట్టబాక. నూనె ఎక్కువైతే ఇసకను చుట్టంగా పిలిచినట్టే." ఆ తరువాత వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి పోయావు. నీకు ఎప్పుడూ అంతే, వీడుకోలు అంటే సిగ్గు.

అక్క ఫోన్ చేసినప్పుడు నేను గుల్లలు ఏరుతున్నాను. ఛాతీలో నొప్పి అన్నావట, మంచినీళ్ళు అడిగావట, అక్క తెచ్చేలోపే... ఆ సాయంత్రమే మట్టి చేశారు. ఎంత పరిగెత్తినా నేను అందేవాణ్ణి కాదు.

నేను నిన్ను అలా చూడలేదు బావా. నేను చూసింది ట్రాలీ తోసుకుని పోతున్న నీ వీపునే. సెలవుకు వెళ్ళినవాణ్ణి చూశాను గానీ పోయినవాణ్ణి చూడలేదు. మనసు దేన్ని నమ్ముతుంది చెప్పు?

నీ నలభయ్యో రోజున అక్క ఇంటి దగ్గర అన్నం పెట్టిస్తోందని తెలిసి, ఇక్కడ నేనూ పూట సెలవు అడిగి ఫాతిహా చదివించాలనుకున్నాను. కొత్త మేనేజరు వచ్చాడులే, నిన్ను ఎరగడు. "సర్, కల్ చాలీస్ హై" అన్నాను, రేపు నలభయ్యో రోజని. ఆయన కంప్యూటర్ లోంచి తల ఎత్తకుండా ఎన్ని పెట్టెలు వస్తున్నాయని అడిగాడు! నవ్వొచ్చింది. బయటికొచ్చి నీళ్ళ ట్యాంకు వెనకాల నిలబడి నవ్వుతూనే ఉన్నాను, ఎప్పుడు ఏడుపుగా మారిందో తెలియలేదు. నువ్వు పోయాక ఏడవడం అదే మొదలు.

బాబా అప్పుడు దేశంలో లేడు. మోకాళ్ళ వైద్యానికి జర్మనీ వెళ్ళాడు. తిరిగొచ్చిన రోజు కర్ర ఊపుకుంటూ నేరుగా నీ బల్ల దగ్గరికి వచ్చి, చాలీస్ ఎక్కడని నన్ను అడిగాడు.

నేను "ఘర్ గయా" అన్నాను.

అబద్ధమా? ఇంటికి వెళ్ళావనే కదా అన్నాను. వెళ్ళలేదా నువ్వు?

ఆయన సంతోషించాడు. మంచిది, పెళ్ళాం బిడ్డలతో ఉండనీ, ఎప్పుడూ ఈ నూనె గుడ్డలేనా అన్నాడు. నా నోట్లో మిగతా మాట అలాగే ఉండిపోయింది. మళ్ళీ వారం వచ్చినప్పుడు చెబుదామనుకున్నాను. ఆ వారం ఆయన తన తోటలో కాసిన ఖర్జూరాలు ఒక డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు. చాలీస్ వచ్చాక ఇవ్వమన్నాడు. ఇంక ఏం చెబుతాను, ఎలా చెబుతాను? కక్కలేక మింగలేక ఆ డబ్బా తీసుకెళ్ళి నీ అల్మారాలో ఖాళీ గూట్లో పెట్టాను.

తరువాత ఇంకో డబ్బా. ఆ తరువాత ఇంకొకటి. నలభైలు ఉండాల్సిన చోట ఖర్జూరాలు చేరాయి. ఆయన వచ్చినప్పుడల్లా ఇంకా సెలవు అయిపోలేదా, వీసా ఇచ్చిన కఫీల్ ఎవడో మంచివాడిలా ఉన్నాడే అని నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. మిగతా కుర్రాళ్ళకు చెప్పేశాను, ముసలాయనతో ఎవరూ నోరు జారొద్దని. ఆయన గుండె కోసమని చెప్పాను వాళ్ళకు.

ఆయన గుండె కోసమేనా? నీకు కాక ఎవరికి చెబుతాను... ఊళ్ళో అందరికీ నువ్వు లేవు. క్లబ్బులో సగం మందికి నువ్వు ఉన్నావన్న సంగతే తెలియదు. ఈ లోకంలో నీ కోసం ఎదురుచూసే మనిషి ఒక్కడుండేవాడు. ఆయన నోట "చాలీస్ ఎప్పుడొస్తాడు" అన్న మాట వింటే, ఆ పూటకు నువ్వు నిజంగానే వస్తావేమో అనిపించేది. ఆ ఒక్క మనిషిని కూడా పోగొట్టుకోవడం నా వల్ల కాలేదు బావా.

నువ్వు వచ్చేదాకా అని తుపాకీ నా చేత్తో అందుకునేవాడు. మిగిలిన నలభై తూటాలు ఆయనొక్కడికే సరిపెడుతూ వచ్చాం. మొన్న ఎండాకాలం పోయాక అవీ అయిపోయాయి. కంపెనీ ఇక పంపదని కబురు వచ్చింది. అప్పటికి స్టోర్లోకి కొత్తగా ఒక మలయాళీ వచ్చాడు. వాడికి చాలీస్ అంటే పెట్టె మీద అంకె, అంతే. ఆ పేరుతో ఒక మనిషి తిరిగాడని వాడికి ఎవరూ చెప్పలేదు.

ఒక ఉదయం బాబా నా దగ్గరికి రాకుండా ముందు స్టోర్ కిటికీ దగ్గర ఆగాడు. నేను లోపల బల్ల తుడుస్తున్నాను. ఆయన గొంతు గట్టిగా వినబడింది, చెవుడు కదా.

"మేరా చాలీస్ ఆయా?"

నా చాలీస్ వచ్చాడా అని ఆయన అడుగుతున్నాడు. నా చాలీస్ వచ్చిందా అని వాడికి వినబడింది. హిందీలో మనిషికీ తూటాకూ తేడా లేకుండా పోయింది చూడు. వాడు కూడా ముసలాయనకు వినబడాలని గొంతు పెంచాడు.

"చాలీస్ ఖలాస్, బాబా. అబ్ కభీ నహీ ఆయేగా."

అయిపోయింది, ఇంక ఎప్పటికీ రాదు అన్నాడు వాడు. అయిపోయాడు, ఇంక ఎప్పటికీ రాడు అని ఆయనకు వినబడింది.

చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని నేను కిటికీ దాకా పరిగెత్తాను. ఆయన కర్ర గోడకు ఆనించి మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. చేయి ఛాతీ మీద పెట్టుకున్నాడు. చావు కబురు విన్నప్పుడు అనే మాట, "ఇన్నా లిల్లాహి" అన్నాడు. కళ్ళ వెంట నీళ్ళు గడ్డంలోకి దిగుతున్నాయి. మలయాళీ కుర్రాడు బిత్తరపోయాడు. తూటాలు అయిపోతే ఏడ్చే సభ్యుణ్ణి వాడు ఎక్కడా చూసి ఉండడు. కంగారులో ఆయన్ను ఓదార్చడం మొదలుపెట్టాడు. బాధపడకండి బాబా, చాలీస్ పోతే ఏం, నౌ ఉంది కదా, నౌ చాలా మంచిది, ఖర్చు తక్కువ, భుజానికి సుఖం...

బాబా తల తిప్పి నన్ను చూశాడు. నౌ అంటే నేనే కదా. "హాఁ" అన్నాడు, "నౌ హై."

నేను ఆయన కాళ్ళ దగ్గర కూలబడ్డాను. నెలల తరబడి నా గొంతులో అడ్డుపడిన మాటను ఏమీ తెలియని ఒక కుర్రాడు కిటికీలోంచి ఒక్క ముక్కలో చెప్పేశాడు. ఆయన తిట్టలేదు. ఎందుకు దాచావని కూడా అడగలేదు. నా తల మీద చేయి వేసి, నువ్వు చివరిసారి చూశావా అని మాత్రం అడిగాడు. లేదన్నాను. నేనూ చూడలేదు అన్నాడు.

ఆ కుర్రాడికి పాపం తరువాత చెప్పాను సంగతంతా. రెండు రోజులు వాడు నా మొహం చూడలేకపోయాడు. నేనే టీ తీసుకెళ్ళి ఇచ్చాను. వాడు చేసిన మేలు వాడికేం తెలుసు?

ఇప్పుడు నువ్వు నవ్వే ముక్క చెబుతాను విను. కళ్ళు తుడుచుకున్నాక బాబా తన కుడి భుజం పట్టుకుని రుద్దుకుంటూ అన్నాడు, ఇంక నా తుపాకీని తొమ్మిదికి మార్పించెయ్యి అని. ఎప్పుడో మార్చాల్సిందట. నాలుగేళ్ళుగా ఆ నలభై భుజాన్ని పొడిచేస్తోందట. మరి ఎందుకు మార్చలేదు బాబా అంటే ఆయన ఏమన్నాడో తెలుసా?

"చాలీస్ కా దిల్ టూట్ జాతా."

నీ మనసు విరిగిపోతుందనట! అందరూ నలభై వదిలేస్తుంటే నీ అల్మారా ఖాళీ అవుతోందని ఆయన చూశాడట. తనూ వదిలేస్తే నీకు పనే లేదని ఇంటికి పంపించేస్తారని భయపడ్డాడట. నువ్వు ఆ తుపాకీని విప్పి, తుడిచి, మళ్ళీ బిగించి ఆయన చేతికిచ్చేటప్పుడు నీ మొహం చూడడానికే భుజం నొప్పి ఓర్చుకున్నాడట.

నీకేమో ఎట్ట చెప్పేదిరా అని బెంగ. ఆయనకూ అదే బెంగ. ఎవరికీ నచ్చని నలభైని ఇద్దరూ ఒకరి కోసం ఒకరు మోశారు. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు, ఇక్కడ ఇద్దరు మొండివాళ్ళు చేరారు. నువ్వు నాతో అన్న మాట ఆయనకు చెప్పేశాను. మొదట నమ్మలేదు. తరువాత పొట్ట ఎగిరేలా నవ్వాడు. "దోనో గధే" అన్నాడు, ఇద్దరూ గాడిదలే అని. కోపం వద్దు, తనను కూడా కలుపుకునే అన్నాడు.

ఆకుపచ్చ అల్మారా తెరిచి ఖర్జూరం డబ్బాలు చూపించాను. ఆయన ఒక్కొక్కటీ తాకి చూశాడు. చాలీస్ పేరు మీద అందరికీ పంచమన్నాడు. బస్సు డ్రైవర్ దగ్గర నుంచి మేనేజరు దాకా పంచాను. ఈసారి చాలీస్ ఎవరని మేనేజరు అడిగాడు, తల ఎత్తి మరీ అడిగాడు. మా బావ అని చెప్పాను. ఒక డబ్బా అక్కకు పంపాను. ఎక్కడివని అడిగితే నీ స్నేహితుడి తోటవన్నాను. అక్క ఒక గింజ నాటిందట, అక్కడి మట్టిలో మొలుస్తుందో లేదో.

తుపాకీకి కొత్త గొట్టం, లోపలి భాగాలు తెప్పించి మెకానిక్ చేత మార్పించాం. పాత గొట్టం విప్పేటప్పుడు పక్కనే నిలబడ్డాను. లోపల ఇసుక రేణువు లేదు బావా. నూనె ఎక్కువ పెట్టలేదు నేను.

పోయిన వారం బాబా దాన్ని మొదటిసారి పేల్చాడు. మొహం ముడుచుకోలేదు. పేల్చి పేల్చి చిన్నపిల్లాడిలా వెనక్కి తిరిగి చూశాడు, ఎవరైనా చూస్తున్నారా అని. నువ్వుంటే చూసేవాడివి. నేను గుల్లలు ఏరాను. అన్నీ తొమ్మిదులే, దేంట్లోనూ ఏదీ ఇరుక్కోలేదు. ఎవరింట్లోనూ ఎవరూ దూరలేదు. ఆ వేళాకోళానికి ఇక పని లేదని అప్పుడు తెలిసింది. అక్కడే చాలా సేపు వంగి ఉన్నాను, ఏరడానికి ఏమీ లేకపోయినా.

అప్పుడు వెనక నుంచి బాబా కేక వేశాడు.

"చాలీస్!"

బావా, ఒట్టు, నేను గబుక్కున వెనక్కి తిరిగి గేటు వైపు చూశాను. ట్రాలీ తోసుకుంటూ వచ్చావేమో అని చూశాను. గేటు దగ్గర ఎవరూ లేరు. ఎండ, కంపెనీ బస్సు, అంతే.

మళ్ళీ ఆయన వైపు తిరిగాను. ఆయన నన్నే చూస్తున్నాడు. తుపాకీ నా వైపు రెండు చేతులతో చాచి పట్టుకున్నాడు, నీకిచ్చేవాడే అలాగ. అది ఇప్పుడు తొమ్మిది, చాలీస్ కాదు బాబా అందామనుకున్నాను. ఆయనకు తెలియక కాదు కదా పిలిచింది.

"జీ, బాబా" అన్నాను.

ఇప్పుడు క్లబ్బులో అందరూ అలాగే పిలుస్తున్నారు. ఇక్కడ ఒక్క నలభై కూడా లేదు కదా, నీకు ఈ పేరు ఎందుకని కొత్తవాళ్ళు నన్ను అడుగుతున్నారు. అడిగిన ప్రతివాడికీ కూర్చోబెట్టి చెబుతున్నాను. నువ్వు ఇంటికి వెళ్ళావని చెప్పడం లేదు బావా. ఇంక రావని చెబుతున్నాను. చెప్పగలుగుతున్నాను.

నీ పేరుకు పలుకుతాను. నూనె తక్కువే పెడతాను. ఖాళీ గూళ్ళుంటే అవి కూడా తుడుస్తాను.

ఉంటా బావా.

నీ ఇంట్లో దూరిన బామ్మర్ది,
మొన్నటిదాకా నౌ.